మాస్టర్ పోయాక స్కూల్ ఎవరిది? మూడు ముక్కలైన తైక్వాండో కథ

ఈ ఎపిసోడ్ కొంచెం తేడాగా ఉంటుంది. కోడింగ్ లేదు, గాడ్జెట్లు లేవు, ఇంటర్వ్యూ టిప్స్ అసలే లేవు. ఇవాళ తైక్వాండో గురించి మాట్లాడుకుందాం. అలాగని కిక్ ఎలా కొట్టాలో చెప్పను, అది చెప్పేంత సీన్ నాకు లేదు.

విషయం ఏంటంటే, ఒక పెద్దాయన ఒక విద్యకి పేరు పెట్టాడు, దాన్ని దేశదేశాలు తిప్పాడు, చివరికి చనిపోయాడు. ఏడాది తిరిగేసరికి ఆయన పెట్టిన సంస్థ మూడయింది. మూడింటికీ ఒకటే పేరు. మూడూ "మేమే అసలు" అంటాయి. ఇది జరిగి ఇరవై ఏళ్లు దాటింది, ఇంకా కలవలేదు. కానీ మధ్యలో ఒకచోట, ఎవరూ ఊహించని వాళ్లు మాత్రం కొంచెం కలిశారు. ఆ కొంచెం ఎలా సాధ్యమైందన్నదే ఈ ఎపిసోడ్.

ముందు ఆ పెద్దాయన ఎవరో చెప్తా. పేరు చోయ్ హోంగ్ హీ. 1918లో పుట్టారు, ఇప్పుడు ఉత్తర కొరియాలో ఉన్న ప్రాంతంలో. అప్పటికి కొరియా ఒకటే దేశం, జపాన్ చేతిలో ఉండేది. కుర్రాడిగా జపాన్ వెళ్లి అక్కడ కరాటే నేర్చుకున్నారు. యుద్ధం అయిపోయాక దక్షిణ కొరియా సైన్యంలో చేరి జనరల్ అయ్యారు. సైనికులకి తన పద్ధతి నేర్పించారు. 1955లో దానికి "తైక్వాండో" అనే పేరు ఖాయమైంది. 1966 మార్చి 22న సియోల్‌లో తొమ్మిది దేశాల సంఘాలతో ఇంటర్నేషనల్ తైక్వాండో ఫెడరేషన్ పెట్టారు. అదే ఐటీఎఫ్. ఈ మూడక్షరాలు గుర్తుపెట్టుకోండి, గొడవంతా వీటి మీదే.

తర్వాత ఆయనకి అక్కడి ప్రభుత్వంతో చెడింది. 1972లో దేశం వదిలి కెనడా వెళ్లిపోయారు, ఐటీఎఫ్‌ని కూడా వెంట తీసుకెళ్లారు. మరి దక్షిణ కొరియా ఊరుకుంటుందా? 1973లో సియోల్‌లో ఇంకో సంస్థ పుట్టింది, వరల్డ్ తైక్వాండో ఫెడరేషన్. ఒలింపిక్స్‌లో మీరు చూసే తైక్వాండో వీళ్లదే. ఇప్పుడు వరల్డ్ తైక్వాండో అని పిలుస్తున్నారు. 2017లో "ఫెడరేషన్" అన్న మాట పేరులోంచి తీసేశారు. ఎందుకంటే వాళ్ల పాత షార్ట్‌కట్ అక్షరాలు ఇంటర్నెట్ భాషలో ఏమవుతాయో మీకు తెలుసు. నవ్వకండి, నిజంగానే అదే కారణం!

అంటే మొదటి చీలిక పెద్దాయన బతికుండగానే వచ్చింది. దాన్ని ఇంకా పెద్దది చేసింది ఆయన తర్వాతి అడుగు. 1980లో తన టీమ్‌తో ఉత్తర కొరియా వెళ్లి అక్కడ తైక్వాండో మొదలుపెట్టారు. సొంతూరు అటువైపే కదా. కానీ ఆ రోజుల్లో ఒక దక్షిణ కొరియా మాజీ జనరల్ అటు వెళ్లడమంటే మామూలు విషయం కాదు. ఆయన దగ్గర్నుంచి చాలామంది పాత శిష్యులు అప్పుడే తప్పుకున్నారు. 1985లో ఐటీఎఫ్ ఆఫీసు ఆస్ట్రియాలోని వియన్నాకి మారింది. 2002 జూన్ 15న ప్యోంగ్యాంగ్‌లో ఆయన కన్నుమూశారు. సమాధి కూడా అక్కడే ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. 1966 నుంచి 2002 దాకా అంటే 36 ఏళ్లు. అన్నేళ్లూ ప్రెసిడెంట్ ఆయనే. రూల్స్ ఆయనవి, పుస్తకం ఆయనది, 15 వాల్యూముల ఎన్‌సైక్లోపీడియా రాశారు. పెద్ద పెద్ద మాస్టర్లకి కూడా ఫైనల్ మాట ఆయనదే. మన సాఫ్ట్‌వేర్ వాళ్లం దీన్ని బస్ ఫ్యాక్టర్ అంటాం. అంటే టీమ్‌లో ఎంతమందిని బస్సు గుద్దితే ప్రాజెక్ట్ ఆగిపోతుంది అన్న లెక్క. ఇక్కడ ఆ నంబర్ ఒకటి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కడి దగ్గరే ఉంది, ఆ ఒక్కడూ 83 ఏళ్ల మనిషి.

ఆయన పోయాక ఏం జరిగిందో చెప్తా. కొడుకు చోయ్ జుంగ్ హ్వా. సంస్థలో పెద్ద బాధ్యతల్లో ఉన్నవాడు, నాన్న తర్వాత ఆయనే అని చాలామంది అనుకున్నారు. కానీ పెద్దాయన పోవడానికి ముందే తండ్రీకొడుకుల మధ్య దూరం పెరిగింది. కొడుకు "అసలు ఐటీఎఫ్ నాది" అని తన దారి తాను చూసుకున్నాడు. ఇటు 2002 సెప్టెంబర్‌లో ప్యోంగ్యాంగ్‌లో మీటింగ్ పెట్టి చాంగ్ ఉంగ్‌ని ప్రెసిడెంట్ చేశారు. ఈయన అప్పట్లో ఉత్తర కొరియా నుంచి ఇంటర్నేషనల్ ఒలింపిక్ కమిటీ మెంబర్‌గా ఉండేవారు. "పెద్దాయన చివరి కోరిక ఇదే" అన్నారు వీళ్లు. ఆ మాట నమ్మని వాళ్లు, ఆ మీటింగ్ పద్ధతిగా జరగలేదన్న వాళ్లు 2003లో పోలెండ్‌లోని వార్సాలో కాంగ్రెస్ పెట్టి ట్రాన్ ట్రియూ క్వాన్‌ని ఎన్నుకున్నారు. ఈయన వియత్నాంలో పుట్టి కెనడాలో స్థిరపడిన ఇంజినీర్.

కొడుకు, చివరి కోరిక, ఎన్నిక. ఈ మూడూ మన ఇళ్లల్లో ఎక్కడో విన్నట్టు లేదూ? పెద్దాయన పోయాడు, పెద్దకర్మ అయింది, పందిరి ఇంకా విప్పలేదు, అరుగు మీద మాట మొదలవుతుంది. ఒకడు "రక్తం నాది" అంటాడు. ఒకడు "పోయేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పాడు" అంటాడు. ఇంకొకడు "కాగితం చూపించండి, నలుగుర్నీ కూర్చోబెట్టండి" అంటాడు. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత న్యాయం ఉంటుంది. చిక్కంతా అక్కడే. ఒకడు పక్కా మోసగాడైతే తీర్పు ఈజీ.

ఇది తైక్వాండోకి ఒక్కదానికే పట్టిన శని కాదు. క్యోకుషిన్ కరాటే పెట్టిన మాస్ ఒయామా 1994 ఏప్రిల్‌లో చనిపోయారు. హాస్పిటల్‌లో చివరి రోజుల్లో రాసిన వీలునామా అని ఒకటి బయటికొచ్చింది, అందులో శిష్యుడు మత్సుయి పేరుంది. కుటుంబం కోర్టుకి వెళ్లింది. కోర్టు ఆ వీలునామా చెల్లదంది. అయినా మత్సుయి సంస్థ మత్సుయిదే, మిగతావాళ్లవి మిగతావాళ్లవే. క్యోకుషిన్ ఇవాళ్టికీ చాలా ముక్కలుగానే ఉంది. నాకు ఇందులో అర్థమైందేంటంటే, వీలునామా చెల్లదని కోర్టు చెప్పగలదు. కానీ "మా మాస్టర్ ఈయనే" అని మనసులో ఫిక్స్ అయిపోయిన శిష్యుణ్ణి ఆ ఆర్డర్ కదిలించలేదు.

సరే, మళ్లీ ఐటీఎఫ్‌కి వద్దాం. కోడ్ రాసేవాళ్లకి ఇది ఫోర్క్ అని ఈపాటికి అర్థమై ఉంటుంది. తెలియని వాళ్ల కోసం చెప్తా. ఒక ప్రాజెక్ట్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసుకుని ఎవరి దారిలో వాళ్లు మార్చుకుంటూ పోవడాన్ని ఫోర్క్ అంటారు. కొన్నేళ్లయ్యాక మళ్లీ కలుపుదామంటే, ఒకే లైన్‌ని ఇద్దరూ రెండు రకాలుగా మార్చేసి ఉంటారు. ఏది ఉంచాలో సిస్టమ్‌కి తెలీదు, ఆగిపోతుంది. దాన్నే మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ అంటాం.

అయితే ఇక్కడ వింత ఏంటంటే, మూడు ఐటీఎఫ్‌ల మధ్య ఆ కాన్‌ఫ్లిక్ట్ చాలా తక్కువ! మూడూ అదే ఎన్‌సైక్లోపీడియా చూస్తాయి. అదే 24 పాటర్న్‌లు చేస్తాయి. పాటర్న్ అంటే ఒక వరసలో చేసే కదలికలు, కొరియన్‌లో తుల్ అంటారు. రోజుకి 24 గంటలు కాబట్టి 24 అని పెద్దాయన లెక్క. మొదటిది చోన్-జీ, 19 కదలికలు. చివరిది తోంగ్-ఇల్, 56 కదలికలు. తోంగ్-ఇల్ అంటే ఏకీకరణ, ముక్కలైంది మళ్లీ ఒకటవడం. రెండు కొరియాలు కలవాలని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు మూడు సంఘాల పిల్లలూ విడివిడి హాళ్లలో అదే తోంగ్-ఇల్ ప్రాక్టీస్ చేస్తున్నారు.

తేడా లేదా అంటే ఉంది. జూచే అని ఒక పాటర్న్ ఉంది. ఉత్తర కొరియా సిద్ధాంతం పేరది. అంతకుముందు ఆ స్థానంలో కో-డాంగ్ అనే వేరే పాటర్న్ ఉండేది, ఒక దేశభక్తుడి మారుపేరు మీద పెట్టిన పేరు. 1980ల్లో పెద్దాయనే దాన్ని తీసి జూచే పెట్టారు. చీలిక తర్వాత కొడుకు వర్గం ఏం చేసిందంటే, కదలికలు జూచేవే ఉంచి పేరు మాత్రం కో-డాంగ్ అని మార్చింది. ఫంక్షన్‌లో ఒక్క లైన్ ముట్టుకోలేదు, ఫంక్షన్ పేరు మార్చారు. అంటే గొడవ ఎక్కడుందో చూడండి. కాలు ఎలా లేపాలన్న దాంట్లో లేదు.

మరి ఎక్కడుంది? సర్టిఫికెట్ మీద సంతకం దగ్గరుంది. గ్రేడింగ్ ఫీజు ఎవరికి వెళ్తుందన్న దగ్గరుంది. వరల్డ్ చాంపియన్‌షిప్ బ్యానర్ ఎవరు కడతారన్న దగ్గరుంది. ఒక్కొక్క సంఘంలో వందల మంది మాస్టర్లకి పదవులొచ్చేశాయి. కలిపితే ప్రెసిడెంట్ కుర్చీలు మూడు ఒకటవుతాయి. టెక్నికల్ కమిటీ ఒకటవుతుంది. దేశానికి ఇద్దరు ముగ్గురు నేషనల్ హెడ్‌లు ఉన్నచోట ఒక్కడే మిగులుతాడు. మన దేశంతో సహా చాలా దేశాల్లో ఐటీఎఫ్ పేరుతో ఒకటికి మించి సంఘాలున్నాయి. "కలుద్దాం" అని అందరూ అంటారు, నేను దిగుతానని మాత్రం ఎవరూ అనరు. నేను వీళ్లని తిట్టట్లేదు. ఇరవై ఏళ్లు ఊరూరా తిరిగి, సొంత డబ్బు పెట్టి పిల్లలకి నేర్పిన మనిషిని "నీ కుర్చీ ఖాళీ చెయ్యి, ఐక్యత కోసం" అంటే ఎలా ఉంటుంది?

కానీ దీని ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా చూడాలి. మా కాలనీలో ఒక పదమూడేళ్ల పాప ఉంది. ఒక తైక్వాండో క్లాస్‌లో నాలుగేళ్లు నేర్చుకుని రెడ్ బెల్ట్ దాకా వచ్చింది. వాళ్ల నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయ్యి ఇక్కడికొచ్చారు. ఇక్కడి క్లాస్‌లో చేరదామని వెళ్తే, "ఆ సంఘం బెల్ట్ మా దగ్గర చెల్లదమ్మా, వైట్ నుంచి మొదలుపెట్టు" అన్నారట. వాళ్లమ్మగారు మెట్ల దగ్గర కనపడి నన్ను అడిగారు, "బాబూ, నువ్వు వీడియోలు చేస్తావు కదా, అసలు రూల్ ఏంటి?" అని. ఆ పాప ఏమీ మాట్లాడలేదు, బ్యాగ్ జిప్ లాగుతూ నిలబడింది. వియన్నాలోనో, సియోల్‌లోనో పెద్దవాళ్ల తగాదా ఇది. దాని బిల్లు మాత్రం ఈ పిల్ల చేతికొచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తున్నా. కలవడం ఎక్కడైనా జరిగిందా? జరిగింది, అదీ అస్సలు కలవరనుకున్న చోట. సొంత అన్నదమ్ముల్లాంటి మూడు ఐటీఎఫ్‌ల మధ్య కాదు. 1973 నుంచి ఎడమొహం పెడమొహంగా ఉన్న వరల్డ్ తైక్వాండోకీ, చాంగ్ ఉంగ్ అప్పట్లో నడిపిన ఐటీఎఫ్‌కీ మధ్య. ఒకరి ఆఫీసు సియోల్, ఇంకొకరి వెనక ప్యోంగ్యాంగ్. ఈ రెండు ఊళ్ల మధ్య శాంతి ఒప్పందం కూడా లేదు, యుద్ధం ఆపారంతే. ఆట కూడా వేరు. ఒలింపిక్ తైక్వాండోలో మొహం మీద పంచ్ కొడితే ఫౌల్. ఐటీఎఫ్‌లో గ్లవ్స్ వేసుకుని తలకి పంచ్ కొట్టొచ్చు, పాయింట్ కూడా వస్తుంది. డ్రెస్ వేరు, పాటర్న్‌లు వేరు. మనం ఇందాక చెప్పుకున్న లెక్కలో ఇది ఘోరమైన మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్.

అయినా 2014 ఆగస్టులో చైనాలోని నాన్జింగ్‌లో, యూత్ ఒలింపిక్స్ జరుగుతుండగా, వరల్డ్ తైక్వాండో ప్రెసిడెంట్ చూ చుంగ్ వోన్, చాంగ్ ఉంగ్ ఇద్దరూ కూర్చుని ఒక ఒప్పందం మీద సంతకం పెట్టారు. అప్పటి ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు థామస్ బాక్ ఆ ఇద్దరి పక్కనే ఉన్నారు. ఆ ఒప్పందంలో ఏముందన్న దానికంటే ఏం లేదన్నది నాకు నచ్చింది. ఎవరు అసలు అన్న మాట లేదు. ఎవరి సంస్థా మూసెయ్యమనలేదు. ఎవరి పాటర్న్‌లూ వదులుకోమనలేదు. ఒకర్నొకరు గుర్తిద్దాం అన్నారు. మీ ఆటగాళ్లు మా పోటీకి రావచ్చు, మా రూల్స్‌తో ఆడాలి, మావాళ్లు మీ దగ్గరికొస్తే మీ రూల్స్‌తో ఆడతారు అన్నారు. కలిసి డెమో టీమ్ వేద్దాం అన్నారు. అంతే.

చిన్నగా కనిపిస్తోంది కదా? కానీ చూడండి. 2015లో రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో వరల్డ్ తైక్వాండో వాళ్ల ప్రపంచ పోటీల్లో ఐటీఎఫ్ టీమ్ వచ్చి డెమో చేసింది. 2017 జూన్‌లో దక్షిణ కొరియాలోని ముజూకి ఉత్తర కొరియా వాళ్లున్న ఐటీఎఫ్ టీమ్ వెళ్లింది. దక్షిణ కొరియా ప్రెసిడెంట్ మూన్ జే ఇన్ స్వయంగా వచ్చి చూశారు. 2018 ఫిబ్రవరిలో ప్యోంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్ ఓపెనింగ్ దగ్గర రెండు టీములూ ఒకే స్టేజ్ ఎక్కాయి. ఆ ఏప్రిల్‌లో దక్షిణాది టీమ్ ప్యోంగ్యాంగ్ వెళ్లింది. ఆ నవంబర్‌లో రెండిటినీ కలిపే పని కోసం కలిసి ఒక కమిటీ వేద్దామనే దాకా మాట వెళ్లింది.

ఇదంతా వింటే సినిమా క్లైమాక్స్‌లా ఉంది, కానీ క్లైమాక్స్ రాలేదు. మధ్యలోనే, 2017 సెప్టెంబర్‌లో సియోల్ టీమ్ ప్యోంగ్యాంగ్ వెళ్లాల్సి ఉంటే, మిసైల్ టెస్టులతో వాతావరణం వేడెక్కి ఆ ట్రిప్ ఆగిపోయింది. 2019 తర్వాత రెండు ప్రభుత్వాల మధ్య మాటలు చల్లబడ్డాయి, ఆ వెంటనే కరోనా. విలీనం జరగలేదు. పై నుంచి ఇద్దరు పెద్దవాళ్లు తెరిచిన తలుపు, పైన గాలి మారగానే సగం మూసుకుంది. ఇంకో లోపం కూడా ఉంది. ఆ సంతకం పెట్టింది మూడు ఐటీఎఫ్‌లలో ఒక్కటే. మిగతా రెండూ ఆ గదిలోనే లేవు.

ట్రాన్ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఆయన కథ వేరే రకం. 1990ల్లో వ్యాపార గొడవలో వియత్నాం జైల్లో మూడేళ్లు ఉండి బయటపడిన మనిషి. ఐటీఎఫ్ ప్రెసిడెంట్ అయ్యాక 2010 జనవరి 12న హైతీలో ఉండగా భూకంపం వచ్చింది, అందులో చనిపోయారు. అంటే ఆ వర్గానికి కూడా ఉన్నట్టుండి నాయకుడు పోయాడు. కానీ అక్కడ ఇంకో చీలిక రాలేదు, అర్జెంటీనాకి చెందిన పాబ్లో ట్రాజ్‌టెన్‌బర్గ్ ఆ బాధ్యత తీసుకున్నారు, సంస్థ నడిచింది. 2002లో మొత్తం ఐటీఎఫ్ చేయలేని పని, 2010లో దాని ముక్క చేసింది. తేడా ఎక్కడొచ్చింది? ఎన్నికతో వచ్చిన ప్రెసిడెంట్ పోతే ఇంకో ఎన్నిక పెట్టుకోవచ్చు. కానీ స్థాపకుడి కుర్చీకి ఎన్నిక పెట్టడం చాలా కష్టం, ఎందుకంటే అక్కడ జనం ప్రెసిడెంట్‌ని వెతకరు, ఇంకో పెద్దాయన్ని వెతుకుతారు.

నాకేమనిపిస్తుందంటే, ఈ మూడింటినీ కలపాలనుకునే వాళ్లు ఎప్పుడూ తప్పు చివర నుంచి మొదలుపెడుతున్నారు. ముందు ప్రెసిడెంట్ ఎవరో తేల్చి, ఆ తర్వాత పిల్లల సంగతి చూద్దాం అంటారు. ఇంకొందరు "మేం అందర్నీ కలుపుతాం" అని కొత్త సంఘం పెడతారు. దానికీ ఒక లోగో, ఒక ప్రెసిడెంట్, ఒక గ్రేడింగ్ ఫీజు. లెక్కలో ఇంకొకటి పెరిగింది, అంతే!

నాన్జింగ్‌లో పనిచేసింది దీనికి తలకిందులు. కుర్చీల్ని ముట్టుకోకుండా ముందు ఆటగాళ్లకి దారి వదిలారు. అదే పని మూడు ఐటీఎఫ్‌ల మధ్య ఇంకా తేలిగ్గా చేయొచ్చు, ఎందుకంటే పుస్తకం ఒకటే, 24 పాటర్న్‌లూ ఒకటే. పాప రెడ్ బెల్ట్ పట్టుకుని వేరే సంఘం క్లాస్‌కి వస్తే, మాస్టర్ ఆ పిల్లని ఒక పాటర్న్ చేయమని అడగొచ్చు. ఐదు నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది, రెడ్ బెల్టో కాదో. దీనికి వియన్నా పర్మిషన్ అక్కర్లేదు, ఏ కాంగ్రెస్ తీర్మానమూ అక్కర్లేదు. ఏ సంఘంవాళ్లైనా రావచ్చని ఓపెన్ టోర్నమెంట్లు పెట్టే మాస్టర్లు ఇప్పటికే చాలాచోట్ల ఉన్నారు. జడ్జీలుగా మూడు వైపుల నుంచీ కూర్చోబెడితే అందరూ ఒకే పుస్తకం చూసి మార్కులేస్తారు. పదేళ్లు అలా ఆడుకున్న పిల్లలే రేపు మాస్టర్లవుతారు. ఒకరి పేరు ఒకరికి తెలుసు, ఒకరి చేతిలో ఒకరు ఓడిపోయి ఉంటారు. అప్పుడు ప్రెసిడెంట్ ఎవరన్న మాట వాళ్లు మాట్లాడుకుంటే వేరేగా ఉంటుంది. 2002లో విడిపోయిన తరం కూర్చుని తేల్చుకుంటుందని మాత్రం నేను అనుకోవట్లేదు. ఇది నా అభిప్రాయం, మీలో ఐటీఎఫ్ సీనియర్లు ఎవరైనా ఉంటే గట్టిగా కాదనొచ్చు.

ఇక చూస్తున్న వాళ్లలో ఇప్పుడే క్లాస్‌లో చేరదామనుకుంటున్న వాళ్లుంటే ఒక పని చేయండి. ఫీజు కట్టేముందు మాస్టర్‌గారిని మర్యాదగా అడగండి: "సర్, ఇది వరల్డ్ తైక్వాండోనా, ఐటీఎఫ్ఫా? ఐటీఎఫ్ అయితే ఏ ఐటీఎఫ్? సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది? రేపు మేం వేరే ఊరెళ్తే ఈ బెల్ట్ ఎక్కడ చెల్లుతుంది?" మంచి మాస్టర్ ఈ ప్రశ్నకి కోప్పడరు. వేరే సంఘం నుంచి వచ్చిన పిల్లల్ని మీ దగ్గర ఎలా తీసుకుంటారని కూడా అడగండి, ఆ జవాబు విన్నాకే డబ్బులు కట్టండి.

మా కాలనీ పాప సంగతి అడుగుతారని తెలుసు. వాళ్లమ్మగారు ఇంకో మాస్టర్‌ని కనుక్కున్నారు, ఊరికి అవతలి వైపు, రెండు బస్సులు మారాలి. ఆయన మూడు పాటర్న్‌లు చేయించి చూసి, "బెల్ట్ ఉంచుకో తల్లీ, ఎడమ కాలు మాత్రం బాగా వీక్‌గా ఉంది" అన్నారట. శని, ఆదివారాలు వెళ్తోంది.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.